భారీ వర్షాల్లో ట్రక్కు టైర్ల పట్టు: ఎంపికలో గమనించవలసిన అంశాలు

పుదుచ్చేరి: 2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి సమీపంలో తీరం దాటింది. మరునాటి ఉదయం 8.30 గంటలతో ముగిసిన 24 గంటల్లో పట్టణంలో 46 సెంటీమీటర్లకు పైగా వర్షం కురిసింది. 2004 అక్టోబరు 31న నమోదైన 21 సెంటీమీటర్ల పాత రికార్డుకు ఇది రెండింతలు మించిన వర్షపాతం. అంతటి వాన ఏటా రాకపోవచ్చు. అయితే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు తమిళనాడు, పుదుచ్చేరి, దక్షిణ కోస్తాంధ్ర తీరాలను తడపని సంవత్సరం ఉండదు. ఆ మూడు నెలలూ సరకు రవాణా ఆగదు. తడిసిన రహదారికీ ట్రక్కుకూ మధ్య ఉన్న ఆధారం టైరు ఒక్కటే.

పుదుచ్చేరి పట్టణ శివారులోని మేట్టుపాళయం ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి తగిన చోటు. నీలగిరి కొండల దిగువన, కోయంబత్తూరు జిల్లాలో ఉన్న అదే పేరు గల పట్టణం వేరు. పుదుచ్చేరి మేట్టుపాళయంలో పారిశ్రామిక వాడ, ట్రక్ టెర్మినల్ ఉన్నాయి. ఇక్కడ సరకు ఎక్కించుకున్న వాహనాలు తిండివనం మీదుగా చెన్నైకి, విల్లుపురం మీదుగా తిరుచ్చి వైపునకు, తీరం వెంట కడలూరుకు వెళతాయి. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనే భాగమైన యానాం 800 కిలోమీటర్లకు పైగా దూరాన, గోదావరి తీరంలో ఉంది. అక్కడికి వెళ్లే ట్రక్కు నెల్లూరు, ఒంగోలు దాటి కోస్తాంధ్ర అంతా ప్రయాణించాలి. ఉత్తర, మధ్య కోస్తాలో జూన్ నుంచి నైరుతి రుతుపవనాల వానలు, దక్షిణ కోస్తాలో అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాల వానలు. కనుక ఈ మార్గంలో తిరిగే వాహనానికి వర్షాకాలం మూడు నెలలు కాదు, దాదాపు ఏడు నెలలు.

తడి రోడ్డుపై జరిగేదేమిటి?

రోడ్డుపై నిలిచిన నీటిని టైరు ముందుగా పక్కకు నెట్టాలి. ఆ తర్వాతే రబ్బరు రోడ్డును తాకుతుంది. ఈ పని ఎంత పెద్దదో ఒక చిన్న లెక్క చెబుతుంది. రోడ్డును తాకే భాగం 22 సెంటీమీటర్ల వెడల్పు గల టైరు, 3 మిల్లీమీటర్ల లోతు నీటిపై గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళితే, ఆ ఒక్క టైరు సెకనుకు దాదాపు 15 లీటర్ల నీటిని తొలగించాలి. వేగాన్ని 40 కిలోమీటర్లకు తగ్గిస్తే అది ఏడున్నర లీటర్లకు దిగుతుంది. ఈ నీరు బయటకు పోవడానికి టైరుపై ఉన్న గాళ్లే దారులు. గాళ్లు అరిగిపోతే నీటికి దారి మూసుకుపోతుంది. అప్పుడు టైరు ముందు భాగాన నీరు గూడుకట్టి, రబ్బరును రోడ్డు నుంచి పైకి లేపుతుంది. దీన్నే హైడ్రోప్లేనింగ్ అంటారు. ఆ స్థితిలో స్టీరింగు తిప్పినా, బ్రేకు నొక్కినా వాహనం స్పందించదు.

టైరు పూర్తిగా తేలకపోయినా తడి వల్ల పట్టు తగ్గుతుంది. పట్టు సగానికి తగ్గితే, అదే వేగంలో బ్రేకు వేశాక వాహనం ఆగే దూరం రెట్టింపవుతుంది. వేగం రెట్టింపైతే ఆ దూరం నాలుగింతలవుతుంది. చాలా రోజుల ఎండ తర్వాత కురిసే తొలి వానలో ప్రమాదం మరింత ఎక్కువ. రోడ్డుపై పేరుకున్న నూనె, రబ్బరు పొడి, దుమ్ము కొద్దిపాటి నీటితో కలిసి జారుడు పొరగా మారతాయి. గట్టి వాన కొంతసేపు కురిసి ఆ పొర కొట్టుకుపోయే వరకు కొత్త టైరుకైనా పట్టు తక్కువే.

ఖాళీ ట్రక్కుకే ముప్పు ఎక్కువ

బరువు ఎక్కువైతే జారడమూ ఎక్కువని సామాన్యంగా అనుకుంటారు. హైడ్రోప్లేనింగ్ విషయంలో నిజం దీనికి విరుద్ధం. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పరిశోధకులు 1963లో విమాన చక్రాలపై జరిపిన ప్రయోగాల నుంచి ఒక సూత్రాన్ని రూపొందించారు. దాని ప్రకారం టైరు నీటిపై తేలే వేగం, అందులోని గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి మారుతుంది. 100 పీఎస్ఐ గాలి ఉన్న ట్రక్కు టైరుకు ఈ లెక్కన గంటకు 165 కిలోమీటర్లకు పైగా వేగం కావాలి. ఏ ట్రక్కూ ఆ వేగంతో వెళ్లదు కనుక భారీ వాహనాలకు ఈ ప్రమాదం లేదని చాలాకాలం భావించారు.

అయినా తడి రోడ్లపై ఖాళీ ట్రక్కులు అదుపు తప్పుతూనే వచ్చాయి. ఆ ప్రయోగాల్లో ప్రధాన పాత్ర వహించిన వాల్టర్ హోర్న్ 1984లో తన సూత్రాన్ని సవరించారు. రోడ్డుపై టైరు మోపే ముద్ర ఆకారాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని ఆయన నిరూపించారు. సరకు నిండిన ట్రక్కు టైరు నేలపై పొడవుగా పరచుకుంటుంది. ఖాళీ ట్రక్కులో అదే టైరు ముద్ర వెడల్పు అంతే ఉండి, పొడవు మాత్రం బాగా తగ్గిపోతుంది. వెడల్పుగా, పొట్టిగా ఉన్న ముద్ర కిందికి నీరు సులువుగా చొరబడుతుంది. అందువల్ల ఖాళీ ట్రక్కు సాధారణ రహదారి వేగంలోనే నీటిపై తేలగలదు.

సరకు దించి తిరుగు ప్రయాణమైన వాహనం, అరిగిన వెనుక టైర్లు, తొందరలో పెంచిన వేగం, ఈ మూడూ కలిసిన చోట ప్రమాదం పొంచి ఉంటుంది. ట్రైలరు లాగే వాహనాల్లో వెనుక చక్రాలు జారితే ముందు బండి, ట్రైలరు మడతకత్తిలా ముడుచుకుపోతాయి. దేశంలో 2015 నుంచి భారీ ట్రక్కులకు ఏబీఎస్ బ్రేకు వ్యవస్థను తప్పనిసరి చేశారు. చక్రాలు బిగుసుకుపోకుండా చూడటమే దాని పని. లేని పట్టును అది సృష్టించలేదు.

ఏ ఇరుసుకు ఏ టైరు?

అన్ని చక్రాలకూ సరిపోయే ఒకే వానాకాలపు టైరు లేదు. ఒక్కో ఇరుసు చేసే పని వేరు గనుక టైరు కూడా వేరుగా ఉండాలి.

ముందు ఇరుసు: వాహనాన్ని మలిపేది ఇదే. దీనికి రిబ్ టైర్లు తగినవి. చుట్టూ నిలువుగా సాగే మూడు నాలుగు లోతైన గాళ్లు నీటిని వెనక్కి పంపుతాయి. గాడి ఎంత వెడల్పుగా, నేరుగా ఉంటే నీరు అంత త్వరగా పోతుంది. రిబ్బుల అంచులపై సన్నని కోతలు ఉంటే, మిగిలిన పలుచటి నీటి పొరను అవి తెంచుతాయి.

ఇంజిను శక్తి అందే వెనుక ఇరుసు: ఇక్కడ అడ్డంగా దిమ్మెలున్న లగ్ టైర్లు వాడటం పరిపాటి. బురద, మట్టి, క్వారీ దారుల్లో ఇవి బాగా పట్టుకుంటాయి. అయితే తారు, సిమెంటు రోడ్లపై వేగంగా వెళ్లేటప్పుడు నిలువు గాడి లేని లగ్ టైరు నీటిని రిబ్ టైరంత చక్కగా పంపలేదు. ప్రధానంగా జాతీయ రహదారులపై తిరిగే వాహనానికి నిలువు గాళ్లు, అడ్డు దిమ్మెలు రెండూ కలిసిన సెమీ లగ్ టైరు మేలు. క్వారీకో, చెరకు తోటలకో వెళ్లే వాహనానికి లగ్ టైరు అవసరం తప్పదు. ఆ వాహనం తడి రహదారి ఎక్కినప్పుడు వేగం తగ్గించి నడపాలి.

ట్రైలరు, ఇతర ఇరుసులు: వీటికి రిబ్ టైర్లు చాలు. అన్నిటికంటే అరిగిన టైర్లను ఇక్కడికి తరలించే అలవాటు చాలాచోట్ల ఉంది. తడి రోడ్డుపై ట్రైలరు పక్కకు ఊగడానికి అదొక కారణమవుతుంది.

రేడియలా, నైలానా?

వాడుకలో నైలాన్ టైరుగా పిలిచే పాత తరహా టైరులో దారపు పొరలు ఏటవాలుగా ఒకదానిపై ఒకటి పరచి ఉంటాయి. దాని పక్క గోడలు దృఢమైనవి. అధిక భారాన్ని, గతుకుల దారిని ఓర్చుకుంటాయి. అయితే టైరు తిరిగేటప్పుడు దాని పై భాగం మెలికపడుతుంది, గాళ్లు కొంత మూసుకుపోతాయి. రేడియల్ టైరులో పై భాగం కింద ఉక్కు పట్టీలు ఉంటాయి. అవి టైరును రోడ్డుపై సమతలంగా ఉంచి, గాళ్లను తెరిచి ఉంచుతాయి. తడి రహదారిపై పట్టుకు, ఇంధన పొదుపుకు రేడియల్ టైరే అనుకూలం. ఒకే ఇరుసుపై ఒక పక్క రేడియల్, మరో పక్క నైలాన్ బిగించడం మాత్రం ఎన్నడూ తగదు. బ్రేకు వేసినప్పుడు రెండు పక్కలా వేర్వేరు పట్టు ఏర్పడి వాహనం ఒక వైపునకు లాగుతుంది.

రబ్బరు మిశ్రమం కూడా ముఖ్యమే. ట్రక్కు టైరు వేడిని తట్టుకోవాలి కాబట్టి అందులో సహజ రబ్బరు పాలు ఎక్కువ. ఎక్కువ కిలోమీటర్లు తిరగడం, ఇంధనం ఆదా చేయడం, తడిలో పట్టు ఇవ్వడం అనే మూడు గుణాల్లో ఒకదాన్ని పెంచితే మరొకటి తగ్గే స్వభావం ఉంది. సిలికా కలిపిన మిశ్రమాలు ఈ వైరుధ్యాన్ని కొంత తగ్గిస్తాయి. దుకాణంలో ‘ఎన్ని కిలోమీటర్లు వస్తుంది’ అనే ప్రశ్న ఒక్కటే అడిగిన కొనుగోలుదారుకు మన్నిక గల టైరు దొరుకుతుంది. అది తడిలో ఆగే టైరని చెప్పలేం.

టైరుపై ఉన్న రాతలు చెప్పేది

టైరు పక్క గోడపై ముద్రించిన వివరాలే కొనుగోలుదారుకు అసలైన ఆధారం.

ముందుగా ఐఎస్ఐ గుర్తు చూడాలి. వాణిజ్య వాహనాల టైర్లకు వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 15636. ఆ పైన తడి పట్టుకు సంబంధించిన ప్రమాణం ఏఐఎస్ 142 ఉంది. దొర్లుడు నిరోధం, తడి రోడ్డుపై పట్టు, శబ్దం అనే మూడు అంశాల్లో టైర్లు పరీక్షలో నెగ్గాలని ఇది నిర్దేశిస్తుంది. కేంద్ర రహదారి రవాణా శాఖ 2022 జూన్‌లో ఇచ్చిన ఉత్తర్వుల మేరకు కొత్త నమూనా టైర్లకు 2022 అక్టోబరు 1 నుంచి ఈ నిబంధన వచ్చింది. అప్పటికే మార్కెట్లో ఉన్న నమూనాలకు తడి పట్టు నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి వర్తించింది. ట్రక్కు, బస్సు టైర్లు ఇందులో సీ3 వర్గం కిందికి వస్తాయి. గిడ్డంగిలో పడి ఉన్న పాత సరకు చౌకగా దొరికినప్పుడు ఈ తేదీలను గుర్తుంచుకోవాలి.

టైరు ఎప్పుడు తయారైందో నాలుగు అంకెలు చెబుతాయి. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడి తడిలో పట్టు కోల్పోతుంది. గాళ్లు లోతుగా ఉన్నంత మాత్రాన పాత టైరు కొత్తది కాదు.

భార సూచిక మరో ముఖ్య వివరం. 2018 జూలైలో కేంద్రం ఇరుసు భార పరిమితులను పెంచింది. నాలుగు టైర్లున్న ఒంటి ఇరుసు పరిమితి 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు చేరింది. అంటే ఒక్కో టైరుపై 2,875 కిలోలు. జంట చక్రాలకు సూచిక 144 ఉన్న టైరు 2,800 కిలోలే మోయగలదు. 145 అయితే 2,900 కిలోలు మోస్తుంది. పాత పరిమితికి సరిపోయిన టైరు కొత్త పరిమితికి సరిపోకపోవచ్చు. సూచిక పక్కన ఉండే అక్షరం వేగ పరిమితిని తెలుపుతుంది: జె అంటే గంటకు 100, కె అంటే 110, ఎల్ అంటే 120 కిలోమీటర్లు.

1.6 మిల్లీమీటర్లు చట్టానికి, 4 మిల్లీమీటర్లు వానకు

కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 94వ నియమం ప్రకారం ట్రక్కు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గరాదు. గాళ్ల అడుగున చిన్న దిమ్మెలు ఉంటాయి. టైరు వాటి మట్టానికి అరిగిందంటే మార్చాలని అర్థం. అవి ఎక్కడ ఉన్నాయో పక్క గోడపై టీడబ్ల్యూఐ అనే అక్షరాలో, త్రిభుజం గుర్తో చూపుతాయి. అయితే ఇది చట్టం అనుమతించే అట్టడుగు హద్దు మాత్రమే. ఆ స్థితికి రాకముందే వానలో టైరు పట్టు గణనీయంగా పడిపోతుంది. అమెరికాలో ట్రక్కులు, బస్సుల ముందు చక్రాలకు కనీస లోతు దాదాపు 3.2 మిల్లీమీటర్లు, మిగతా చక్రాలకు 1.6 మిల్లీమీటర్లుగా నిర్ణయించడానికి కారణం ఇదే. వానలు తరచుగా పడే మార్గాల్లో ముందు టైర్లను 4 మిల్లీమీటర్ల వద్ద, వెనుక టైర్లను 3 మిల్లీమీటర్ల వద్ద మార్చడం క్షేమకరం.

దీనికయ్యే ఖర్చును లెక్కించి చూడవచ్చు. కొత్తగా 15 మిల్లీమీటర్ల లోతున్న టైరును 1.6 వద్ద మారిస్తే 13.4 మిల్లీమీటర్లు వాడుకున్నట్టు. 4 వద్ద మారిస్తే 11 మిల్లీమీటర్లు. టైరు ఆయుష్షులో సుమారు 18 శాతం ముందుగా వదులుకున్నట్టే. కానీ ఆ స్థితిలో లోపలి కట్టడం దెబ్బతినకుండా ఉంటుంది కాబట్టి రీట్రేడింగ్‌కు బాగా పనికివస్తుంది. పూర్తిగా అరిగే దాకా నడిపిన టైరుకు మేకులు, రాళ్లు ఉక్కు పట్టీల దాకా దిగి తుప్పు పడుతుంది. అలాంటి టైరు రీట్రేడింగ్‌కు పనికిరాదు. వదులుకున్న 18 శాతంలో కొంత ఈ విధంగా తిరిగి వస్తుంది.

మంచి కేంద్రంలో రీట్రేడ్ చేసిన టైరును వెనుక ఇరుసులకు నిస్సంకోచంగా వాడవచ్చు. ముందు ఇరుసుకు వాడకపోవడమే మంచిది. రోడ్డు పక్కన చేతి కత్తితో అరిగిన టైరుకు మళ్లీ గాళ్లు చెక్కించడం ప్రమాదకరం. పక్క గోడపై ‘రీగ్రూవబుల్’ అని ముద్రించిన టైర్లలోనే అందుకు సరిపడా అదనపు రబ్బరు ఉంటుంది. మిగతా వాటిలో కత్తి ఉక్కు పట్టీని తాకుతుంది. చూపునకు గాడి కనిపిస్తుంది గానీ టైరు ఏ క్షణానైనా పగలవచ్చు.

గాలి, జంట చక్రాలు

సరైన టైరు కొన్నా గాలి సరిగా లేకపోతే ఫలితం ఉండదు. గాలి తక్కువైతే టైరు మధ్య భాగం లోపలికి కుంగి, అక్కడి గాళ్లు మూసుకుపోతాయి, నీటిపై తేలే వేగం తగ్గుతుంది. గాలి మితిమీరితే రోడ్డును తాకే భాగమే కుంచించుకుపోతుంది. భారాన్ని బట్టి తయారీదారు ఇచ్చిన పట్టికను అనుసరించి, బయలుదేరే ముందు టైరు చల్లగా ఉండగానే గాలి కొలవాలి. జంట చక్రాల్లో లోపలి టైరును చాలామంది కొలవరు. రెండింటి ఎత్తులో తేడా ఉంటే ఒకటి భారమంతా మోస్తుంది, రెండోది రోడ్డును అంటీ అంటనట్టు దొర్లుతుంది. అప్పుడు నాలుగు టైర్ల ఇరుసు మీద రెండు టైర్ల పట్టే మిగులుతుంది. స్టెప్నీని కూడా ఇదే శ్రద్ధతో చూడాలి. వానలో టైరు పంక్చరైతే ఆ పైన ప్రయాణమంతా దాని మీదే.

టైరుకూ హద్దు ఉంది

నాలుగు వరుసల రహదారిపై సరకు వాహనాలకు 2018 ఏప్రిల్‌లో కేంద్రం నిర్ణయించిన గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. ఇది పొడి రోడ్డుకు, మంచి వెలుతురుకు తగిన హద్దు. గట్టి వానలో, ముఖ్యంగా ఖాళీ వాహనంతో, 50 దాటకపోవడం వివేకం. వర్షంలో ముందు వాహనానికి దూరం రెట్టింపు చేయాలి. వంపులోకి దిగకముందే వేగం తగ్గించాలి.

రోడ్డుపై ప్రవహిస్తున్న వరదకు ఏ టైరూ సమాధానం కాదు. 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరం వద్ద విజయవాడ-హైదరాబాద్ రహదారిపై రాకపోకలు ఆగిపోయాయి. ఫెంగల్ తర్వాత విల్లుపురం జిల్లా అరసూరు వద్ద చెన్నై-తిరుచ్చి రహదారికీ అదే పరిస్థితి ఎదురైంది. అలాంటి చోట ఆగి వేచి ఉండటమే మార్గం.

కొనే ముందు, బయలుదేరే ముందు

వర్షాకాలానికి నెల ముందే అన్ని టైర్ల గాడి లోతును కొలమానంతో, టైరు వెడల్పు పొడవునా మూడు చోట్ల కొలిచి రాసుకోవాలి. ముందు ఇరుసుకు లోతైన గాళ్లున్న రిబ్ టైర్లు, వెనుక ఇరుసుకు మార్గాన్ని బట్టి సెమీ లగ్ లేదా లగ్ టైర్లు ఎంచుకోవాలి. ఐఎస్ఐ గుర్తు, తయారీ వారం, భార సూచిక చదివాకే డబ్బు చెల్లించాలి. జంట చక్రాలకు ఒకే రకం, ఒకే ఎత్తు టైర్లు బిగించాలి. ప్రతి ప్రయాణానికి ముందు లోపలి టైర్లతో సహా గాలి చూడాలి. సరకు దించిన తర్వాత వేగం తగ్గించాలని డ్రైవరుకు, తొందరగా తిరిగి రమ్మని ఒత్తిడి చేయరాదని యజమానికి గుర్తుండాలి.

ట్రక్కు టైరును కొనేది యజమాని, దానిపై ప్రాణం పెట్టి ప్రయాణించేది డ్రైవరు, క్లీనరు. ఎదురుగా ద్విచక్ర వాహనంపై వచ్చే వ్యక్తికి ఆ నిర్ణయంలో ఏ పాత్రా లేదు. కిలోమీటరుకు ఎంత ఖర్చవుతుందనే లెక్కతో పాటు, తడిలో ఎంత దూరంలో ఆగుతుందనే లెక్క కూడా టైరు దుకాణంలోనే వేయాలి. వాన మొదలయ్యాక, రోడ్డుపై ఆ లెక్కను సరిచేసుకునే వ్యవధి ఉండదు.